హైస్కూలు పిల్లలతో బ్యాండు, బృందగానం: వారానికి రెండు పీరియడ్లు దొరికాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?

హంద్రీ_ఒడ్డు | కర్నూలు జిల్లా | జూన్ 22, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కోడుమూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. పెళ్ళికి ముందు కర్నూలు శారదా సంగీత కళాశాలలో గాత్రం నాలుగేళ్ళ సర్టిఫికెట్ కోర్సు చేశాను. ఆ తర్వాత పాట పూజగదికే మిగిలిపోయింది. బడి తెరిచిన వారంలోనే మా హెచ్‌ఎం సార్ పిలిచి, "మేడమ్, ఎనిమిది, తొమ్మిది తరగతులకు శనివారం చివరి రెండు పీరియడ్లు మీకు ఇస్తాను. పిల్లలతో ఒక బృందం తయారు చేయండి. ఆగస్టు పదిహేనుకు పాడాలి, వాయించాలి" అన్నారు. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు.

పేరిచ్చిన పిల్లలు 43 మంది. బడిలో ఉన్నది ఒక పాత హార్మోనియం, దాని తిత్తి చిరిగి గాలి పోతుంది. పరేడ్‌కు వాడే సైడ్ డ్రమ్ములు రెండు, పెద్ద డ్రమ్ము ఒకటి, తాళాలు ఒక జత. అంతే.

నిన్న మొదటి క్లాసు. నాకు అలవాటైన ఐదు శ్రుతి (షడ్జం, అంటే "స", ఏ ఎత్తులో ఉండాలో చెప్పే అంకె) పెట్టి సరళీ వరుసలు మొదలుపెట్టాను. ఆడపిల్లలు చక్కగా అందుకున్నారు. తొమ్మిదో తరగతి మగపిల్లలు నోరు విప్పలేదు. ఒక పిల్లవాడు మాత్రం ధైర్యం చేసి గట్టిగా ఎత్తుకున్నాడు. పై స్వరాల దగ్గర గొంతు రెండుగా చీలింది. క్లాసంతా నవ్వింది. వాడు తల దించుకొని కూర్చున్నాడు, రెండో పీరియడ్‌కు రాలేదు. తప్పు వాడిది కాదని నాకు తెలుసు, ఎక్కడ తప్పు చేశానో మాత్రం సరిగ్గా అంతుపట్టడం లేదు.

ఒక్కరికి పాఠం చెప్పడం నేర్చుకున్నాను, నలభై మందితో కలిపి పాడించడం ఎవరూ నేర్పలేదు. ఈ పని చేసినవాళ్ళు, చూసినవాళ్ళు, చిన్నప్పుడు ఇలాంటి బృందంలో ఉన్నవాళ్ళు దయచేసి రాయండి.

గుత్తి_కోట | గుత్తి | జూన్ 22, రాత్రి 10:25

అమ్మా, నేను 34 ఏళ్ళు పని చేసి హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. మీ ఉత్సాహానికి అడ్డు చెప్పాలని కాదు. తొమ్మిదో తరగతి నుంచే తల్లిదండ్రుల దృష్టి పదో తరగతి మార్కుల మీద ఉంటుంది. మొదటి యూనిట్ టెస్టులో నాలుగు మార్కులు తగ్గితే "పాటలు నేర్పి పాడు చేశారు" అంటారు. ఆ మాట నేను పడ్డాను. కబడ్డీ విషయంలో పడ్డాను, పాట అయితే ఇంకా తేలిగ్గా అంటారు. ఏం నేర్పుతున్నారో, ఎందుకో ముందే ఒక కాగితం మీద రాసి తల్లిదండ్రుల సమావేశంలో చదవండి.

అనంత_ఆల్టో | అనంతపురం | జూన్ 23, ఉదయం 6:10

మేడమ్, మీ పిల్లవాడి సంగతి చదివి వెంటనే రాస్తున్నాను. పద్దెనిమిదేళ్ళుగా మా చర్చిలో క్వయర్ (బృందగానం) చూస్తున్నాను. తప్పంతా శ్రుతిలో ఉంది.

పన్నెండు నుంచి పదిహేనేళ్ళ మధ్య మగపిల్లల గొంతు దాదాపు ఒక స్థాయి ("స" నుంచి పై "స" దాకా ఉండే మేర) కిందికి దిగుతుంది. దిగే ఆ కొన్ని నెలల్లో వాళ్ళ చేతిలో హాయిగా పలికే స్వరాలు ఐదారే ఉంటాయి. మీ ఐదు శ్రుతిలో ఆడపిల్లల స్థాయిలో పాడితే తారస్థాయి (పై స్వరాలు) వాళ్ళకు అందదు. ఒక స్థాయి కింద పాడదామంటే మరీ పాతాళం. మధ్యలో ఇరుక్కుంటారు. వాడి గొంతు చీలింది అందుకే.

పాట పై షడ్జం దాటకపోతే రెండు శ్రుతి పెట్టి చూడండి. ఆడపిల్లలకు, గొంతు మారని మగపిల్లలకు పైన సరిపోతుంది. మారిన వాళ్ళు ఒక స్థాయి కింద అదే పాట పాడతారు. ఇక సగం మారిన వాళ్ళకు పాట ఇవ్వకండి, షడ్జమో పంచమమో ("ప") ఒక్కటే ఇచ్చి పట్టుకొని నిలబడమనండి. తంబూరా చేసే పని వాళ్ళు చేస్తారన్న మాట. మా దగ్గర పై గొంతు నుంచి కింది గొంతు దాకా సొప్రానో, ఆల్టో, టెనార్, బాస్ అని నాలుగు వరుసలు పాడతాం కానీ కొత్త పిల్లలకు మొదటి ఆరు నెలలు ఈ పట్టుకొని నిలబడటమే నేర్పుతాను. పక్కవాడి స్వరం చెవిలో పడుతుండగా తన స్వరం జారకుండా ఉండాలి. ఇది వచ్చిన రోజున మిగతాదంతా వస్తుంది.

ఇంకొకటి. మొదటి వారమే ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, ఎవరూ వినకుండా, ఎంత కిందికి ఎంత పైకి పోగలరో చూసి పుస్తకంలో రాసుకోండి. రెండు నెలలకోసారి మళ్ళీ చూడండి, మారుతుంది. నలుగురిలో మాత్రం ఒంటరిగా పాడించకండి.

హంద్రీ_ఒడ్డు | జూన్ 23, సాయంత్రం 5:15

అక్కా, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఈ రోజు మధ్యాహ్న భోజనం గంటలో ఆ పిల్లవాడిని పిలిచి స్టాఫ్‌రూమ్ వెనక వేపచెట్టు కింద మెల్లగా పలికించాను. మీరు చెప్పినట్టే, ఐదు స్వరాలు. ఆ ఐదూ ఎంత నిండుగా ఉన్నాయో! "నీ గొంతు పాడవలేదు నాయనా, పెద్దదవుతోంది" అన్నాను. శనివారం వస్తానన్నాడు.

దేవుని_కడప | కడప | జూన్ 23, రాత్రి 9:05

మా బాబు తొమ్మిదో తరగతి, ప్రైవేటు స్కూలు. నాలుగేళ్ళుగా కీబోర్డు నేర్చుకుంటున్నాడు, ట్రినిటీ సంగీత పరీక్షల్లో గ్రేడ్ 3 పాసయ్యాడు. ఎంత నేర్చినా గదిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని ఒక్కడే. కిందటేడాది వాళ్ళ స్కూల్లో యాన్యువల్ డేకి ఆర్కెస్ట్రా అన్నారు. యూనిఫాం కుట్టించాం, ఊరి నుంచి అమ్మానాన్నలను పిలిపించాం. తీరా చూస్తే పెన్‌డ్రైవ్‌లో పాట పెట్టారు. పిల్లలు వాయించినట్టు వేళ్ళు ఆడించారు. వయొలిన్ పట్టుకున్న పాప కమాను తీగలకు తగలనే లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక మా వాడు "అమ్మా, తాతకి నిజం చెప్పొద్దు" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా పొడుస్తూనే ఉంది.

మేడమ్, మీ పిల్లలు ఆగస్టు పదిహేనున తప్పు వాయించినా పర్వాలేదు, వాళ్ళే వాయించాలి.

పెన్నా_టు_టెక్సాస్ | ప్రొద్దుటూరు, ఇప్పుడు డాలస్ దగ్గర | జూన్ 24, ఉదయం 8:30

నేను పుట్టి పెరిగింది ప్రొద్దుటూరు. మా అమ్మాయి ఇక్కడ పబ్లిక్ హైస్కూల్లో ఆర్కెస్ట్రాలో వయోలా (వయొలిన్ కంటే కొంచెం పెద్దది) వాయిస్తుంది. ఇక్కడి పద్ధతి తెలిస్తే ఉపయోగపడుతుందేమోనని రాస్తున్నాను.

బ్యాండు, ఆర్కెస్ట్రా, క్వయర్ మూడూ ఇక్కడ లెక్కలు, సైన్సులాగే టైంటేబుల్లో ఉండే క్లాసులు. చాలామంది ఆరో తరగతిలో మొదలుపెడతారు. టెక్సాస్‌లో హైస్కూలు పూర్తి కావాలంటే కళల్లో ఒక క్రెడిట్ తప్పనిసరి, చాలామంది దాన్ని ఈ క్లాసుల్లోనే తెచ్చుకుంటారు. బ్యాండు అంటే ఊదేవి, కొట్టేవి. ఆర్కెస్ట్రా అంటే ప్రధానంగా వయొలిన్, వయోలా, చెల్లో, డబుల్ బేస్. పెద్ద వాద్యాలు స్కూలే ఇస్తుంది, చిన్నవి చాలామంది అద్దెకు తెచ్చుకుంటారు. చదువుకూ దీనికీ ముడి కూడా ఉంది. 1984లో వచ్చిన చట్టం ప్రకారం ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తగ్గితే కొన్నాళ్ళపాటు పోటీలకు వెళ్ళనివ్వరు.

నన్ను ఆశ్చర్యపరిచింది వేరే విషయం. మా అమ్మాయి వయొలిన్ కావాలని అడిగింది. టీచరు పాప చేతులు, వేళ్ళు చూసి, "బృందంలో వయోలాలు తక్కువగా ఉన్నాయి, నువ్వు తీసుకుంటావా?" అని అడిగారు. ఇంటికొచ్చి ఏడ్చింది. వయోలాకి పాటలో ముఖ్యమైన వరుస అరుదుగా వస్తుంది, లోపల ఉండి మిగతావాటిని కలుపుతుంది. రెండేళ్ళ తర్వాత ఒక కచేరీలో వయోలా వాయించే ఇద్దరు పిల్లలు జ్వరంతో రాలేదు. "నాన్నా, ఈ రోజు మధ్యలో ఖాళీగా ఉంది, వినిపించిందా?" అని అడిగింది. నాకు వినిపించలేదు. ఆమెకు వినిపించింది.

రోజూ క్లాసులో మొదట శ్రుతి సరిచూసుకోకుండా ఒక్క స్వరం కూడా పాటలోకి పోదు. అక్కా, మీ రెండు పీరియడ్లలో కూడా ఆ సమయాన్ని కోసేయకండి.

గుత్తి_కోట | జూన్ 24, ఉదయం 11:00

ఆ 70 మార్కుల పద్ధతి నాకు నచ్చింది. మన దగ్గర కూడా అలా పెడితే తల్లిదండ్రులు నోరెత్తరు.

హంద్రీ_ఒడ్డు | జూన్ 24, రాత్రి 8:50

సార్, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను, నేను పెట్టను. మా క్లాసులో డ్రమ్ము ముందు కూర్చున్న ముగ్గురికీ లెక్కల్లో ఇరవై దాటవు. వాళ్ళు శనివారం మానకుండా వచ్చారంటే ఆ డ్రమ్ము కోసమే. మార్కులు రాలేదని దాన్ని కూడా లాక్కుంటే సోమవారం కూడా రారు.

సంగీతం నేర్పితే లెక్కలు బాగా వస్తాయని తల్లిదండ్రులకు చెప్పమని ఒక సహోద్యోగి సలహా ఇచ్చారు. లెక్కల టీచర్ని, ఆ మాట నా నోటితో చెప్పలేను. లెక్కలు రావాలంటే లెక్కలు చెయ్యాలి. పాట నేర్పేది పాట కోసమే.

ధర్మవరం_డోలు | ధర్మవరం | జూన్ 25, మధ్యాహ్నం 1:20

అక్కా, ఆ ముగ్గురి ఇళ్ళల్లో తప్పెట గానీ ఉరుము వాద్యం గానీ ఉందేమో కనుక్కోండి. మా అనంతపురం వైపు ఉరుములు వాయించే కుటుంబాల్లో పిల్లవాడికి బడికి పోకముందే లయ ఉంటుంది. మన పిల్లలకు తాళం కొత్తగా నేర్పక్కర్లేదు, ఎంతుందో చూస్తే చాలు. చెక్కభజన చూడండి. ఊళ్ళో గురువును పెట్టుకొని రాత్రిపూట నెల, నెలన్నర నేర్చుకుంటారు. పాట, చెక్కల దెబ్బ, అడుగు మూడూ ఒకేసారి నడవాలి, ఇరవై మందికీ ఒకే లెక్క. బృందగానం అంటే అదే కదా.

సైడ్ డ్రమ్ము మీద కర్ర పడకముందు చేత్తో తాళం వేయిస్తూ సొల్లు (తకధిమి లాంటి దెబ్బల మాటలు) చెప్పించండి. నాలుక మీద నిలబడితే చేతికి తానుగా వస్తుంది. గదిలో గట్టిగా కొట్టనివ్వకండి, పాడేవాళ్ళ చెవులు పోతాయి. డ్రమ్ము మీద తువ్వాలు పరవండి.

ఆదోని_రీడు | గుంతకల్లు | జూన్ 25, రాత్రి 11:45

మేడమ్, ఒక చిన్న మాట. మా నాన్నది ఆదోనిలో పెళ్ళిళ్ళ బ్యాండు. నలభై ఏళ్ళుగా క్లారినెట్ వాయిస్తున్నాడు. రేపటి నుంచి ఆషాఢం. ముహూర్తాలు ఉండవు, నెల రోజులు బ్యాండు వాళ్ళంతా ఖాళీ. మీకు అభ్యంతరం లేకపోతే నాన్న వచ్చి పిల్లలకు చూపిస్తాడు. రెండు క్లారినెట్లు, ఒక ట్రంపెట్ తెస్తాడు. డబ్బులేమీ వద్దు. ఆదోని నుంచి కర్నూలు బస్సు ఎమ్మిగనూరు మీదుగా కోడుమూరుకే వస్తుంది.

హంద్రీ_ఒడ్డు | జూన్ 29, ఉదయం 7:30

ముందుగా మంచి వార్త. నిన్న రెండు శ్రుతిలో పాడించాను. మగపిల్లలు నోరు తెరిచారు. ఆ పిల్లవాడితో పాటు ఇంకో ఐదుగురు షడ్జం పట్టుకొని నిలబడ్డారు. మధ్యలో జారారు, మళ్ళీ ఎక్కారు.

ఇంకోటి చెప్పడానికి బాధగా ఉంది. ఆదోని నుంచి బ్యాండు మాస్టర్ గారు వస్తున్నారని పిల్లలతో అన్నాను. సాయంత్రానికి ఇద్దరు తండ్రులు బడికి వచ్చారు. "పాట అంటే సరే మేడమ్, పెళ్ళిళ్ళలో బాజా ఊదే పని మా వాళ్ళకెందుకు? అది వేరేవాళ్ళు చేసే పని" అన్నారు. వేరేవాళ్ళు అంటే ఎవరో నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. నాకు చెయ్యి వణికింది. ఏం చెప్పాలో ఆ నిమిషంలో తోచలేదు.

తమ్ముడూ, నువ్వు ఇది చదువుతావని తెలిసీ రాస్తున్నాను, దాచడం నాకు చేతకాలేదు.

ఆదోని_రీడు | జూన్ 29, రాత్రి 10:10

అక్కా, దాచకుండా రాసినందుకు మంచిదే. నేను వినని మాట కాదు.

నాన్న ఎర్ర కోటు మా ఇంట్లో గోడ మేకుకు వేలాడుతూ ఉండేది. భుజాల మీద బంగారు రంగు కుచ్చులు. మే నెల ఎండలో ఆ కోటు వేసుకొని మూడు గంటలు నడుస్తూ ఊదేవాడు. ఊరేగింపు అయ్యాక అందరి భోజనాలూ అయ్యేదాకా కూర్చునేవాళ్ళు, పెరట్లో. నేను చిన్నప్పుడు ఒకసారి వెంట వెళ్ళాను, మళ్ళీ వెళ్ళలేదు. ఇంటర్‌లో చేరేటప్పుడు ఫారంలో తండ్రి వృత్తి అన్న చోట "కూలీ" అని రాశాను. నాన్నకు చదువు వచ్చు. సంతకం పెట్టేటప్పుడు చూశాడు. ఏమీ అనలేదు, పెట్టి ఇచ్చాడు. నాకు ఇప్పుడు 36 ఏళ్ళు, బ్యాంకులో ఉద్యోగం. ఆ కాగితం ఇంకా కళ్ళ ముందు ఉంది.

ఆయన చేసేది ఏమిటో చెప్తాను. కొత్త సినిమా పాట వస్తే రెండుసార్లు విని రాత్రికి వాయిస్తాడు. పన్నెండు మంది నడుస్తూ, ముందు పటాకులు పేలుతుంటే, వెనక జనరేటరు మోగుతుంటే, ఎవరి ముఖం ఎవరికీ కనపడకుండా ఒకే లయలో ఉంటారు. ఎవరికైనా ఊపిరి ఆగితే పక్కవాడు ఆ వరుస అందుకుంటాడు. అమెరికాలో ఉన్న అన్న రాసింది చదివాను. అక్కడి పిల్లలు ఏళ్ళ తరబడి క్లాసులో నేర్చుకునేది, మా నాన్న రోడ్డు మీద నేర్చుకున్నాడు. అక్కడ అది సబ్జెక్టు, ఇక్కడ అది "వేరేవాళ్ళ పని".

ఆ తండ్రులు అన్నది నాన్నకు చెప్పాను. "వాళ్ళు పిల్లల్ని పంపకపోతే పంపకపోనీ, మిగిలినోళ్ళ కోసం పోదాం" అన్నాడు. శనివారం మొదటి బస్సుకు వస్తాడు. నేను కూడా సెలవు పెట్టి వస్తున్నాను.

తాళ్లపాక_పిల్ల | రాజంపేట | జూన్ 30, సాయంత్రం 4:00

అన్నా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ చెయ్యలేకపోయాను. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

టీచర్ గారూ, మాది అన్నమయ్య ఊరి పక్కన. నేను డిగ్రీ చదువుతున్నాను. స్కూల్లో ఉన్నప్పుడు బడి పిల్లల కళల పోటీ అయిన కళా ఉత్సవ్‌లో పాడాను. అది 2015 నుంచి జరుగుతోంది, తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లలకు, ప్రభుత్వ బడులవాళ్ళకూ అవకాశం ఉంటుంది. బ్యాండు ఒక దారికి వస్తే కేంద్ర విద్యాశాఖ, రక్షణ శాఖ కలిసి రిపబ్లిక్ డేకి నడిపే జాతీయ స్కూలు బ్యాండు పోటీ కూడా ఉంది. అందులో బాలికలకు వేరే విభాగం ఉంది.

పాట విషయంలో ఒక ఆలోచన. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో ఇంగ్లీషు బ్యాండు బాణీలు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. వాటిని నొట్టుస్వరాలు అంటారు. చిన్నవి, శంకరాభరణం రాగంలో నడుస్తాయి, గమకాలు (స్వరాన్ని ఊపి పలికించడం) తక్కువ. "శక్తి సహిత గణపతిం" మీకు వచ్చే ఉంటుంది. బ్యాండు నుంచి పాటలోకి వచ్చినవే కాబట్టి క్లారినెట్‌కు సులువుగా ఒదుగుతాయి. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులే ఇంగ్లీషువాళ్ళ వయొలిన్‌ను మన కచేరీలోకి తెచ్చారని చెబుతారు. సాక్సోఫోన్‌ను కద్రి గోపాల్‌నాథ్ గారు కచేరీ వేదిక ఎక్కించారు. ఆ తండ్రులకు ఈ సంగతులు చెప్పొచ్చేమో.

అన్నమయ్య పాట కూడా ఒకటి పెట్టండి. రాగిరేకుల్లో ఉన్న ఆ కీర్తనల్లో కొన్నిటికి మళ్ళీ స్వరం కట్టి మనకు ఇచ్చింది మన అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మ గారే. పల్లవి అందరూ, చరణం ఒక్కో జట్టు పాడితే పిల్లలకు ఊపిరి తీసుకునే వీలుంటుంది.

గుత్తి_కోట | జూన్ 30, రాత్రి 9:00

గుంతకల్లు అబ్బాయి రాసింది నా భార్యకు చదివి వినిపించాను. నేను పని చేసిన బడుల్లో ఎన్ని ఫారాల మీద "కూలీ" అని చూసి సంతకం పెట్టానో.

అమ్మా, ఆ ఇద్దరు తండ్రుల్నీ శనివారం బడికి పిలవండి. వాదించకండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి. క్లారినెట్ మాస్టర్ గారికి కూడా అదే వరుసలో కుర్చీ వేయించండి. మీ హెచ్‌ఎంతో నేను మాట్లాడతాను.

హంద్రీ_ఒడ్డు | జులై 6, మధ్యాహ్నం 3:30

ఇది కొంచెం పెద్దగా రాస్తాను, ఏదీ మర్చిపోకూడదని.

పెద్దాయన ఎనిమిదిన్నరకే వచ్చేశారు. తెల్ల చొక్కా, పంచె. క్లారినెట్‌ను ఒక పాత దుప్పటి ముక్కలో చుట్టి తెచ్చారు. హెచ్‌ఎం సార్ ఎదురెళ్ళి లోపలికి తీసుకొచ్చారు. తండ్రులిద్దరిలో ఒకరు వచ్చారు, ఇంకొకరు రాలేదు.

క్లాసులో ఆయన ముందుగా ఏమీ వాయించలేదు. రీడు (ఊదితే అదిరే పల్చటి రెల్లు ముక్క) తీసి నోట్లో పెట్టుకొని కాసేపు అలాగే కూర్చున్నారు. పిల్లలు గుసగుసలాడుతుంటే "ఎండిన రీడు పలకదు, తడవాల" అన్నారు. తర్వాత దాన్ని మౌత్‌పీస్ మీద పెట్టి, రెండు అంచులూ వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేసి, పట్టీ బిగించారు. ఆ బిగింపు ఎంత మెల్లగా ఉందో! నలభై మూడు మందీ మెడలు చాచి చూస్తున్నారు.

అప్పుడు శంకరాభరణం స్వరాలు పైకీ కిందికీ వాయించారు. గది కిటికీ రెక్కలు అదిరాయి. ఎవరో ఒకరు వచ్చి ఊదమన్నారు. ఎవరూ కదల్లేదు. ఎనిమిదో తరగతి పాప ఒకటి లేచింది. నా క్లాసులో ఎప్పుడూ నోరెత్తని పాప. వాద్యం మొత్తం ఇవ్వలేదు, మౌత్‌పీస్, దాని కింది చిన్న ముక్క మాత్రమే విడిగా తీసి, శుభ్రంగా తుడిచి చేతిలో పెట్టారు. "పైపళ్ళు దీని మీద ఆనించు. కింది పెదవి కింది పళ్ళ మీదికి కొంచెం మడువు. బుగ్గలు ఉబ్బించొద్దు. ఊదొద్దు తల్లీ, ఊపిరి వదులు" అన్నారు. మొదటిసారి గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి కూడా అంతే. మూడోసారి కీచుమని ఒక అరుపు వచ్చింది, పిల్లలు నవ్వబోతే ఆయన చెయ్యెత్తారు. "నాకు ఇది రావడానికి నాలుగు రోజులు పట్టింది" అన్నారు. ఐదోసారి నిజమైన స్వరం, నిలకడగా, పాప ఊపిరి ఉన్నంతసేపు. ఆపి, పాప మౌత్‌పీస్ వైపు చూసుకుంది, అది తనదేనా అన్నట్టు.

వచ్చిన తండ్రి చివర్లో లేచి పెద్దాయన దగ్గరికి పోయి, "మా పెండ్లికి మీరే వాయించారనుకుంటా" అన్నాడు. ఏ సంవత్సరం, ఏ ఊరు అని ఇద్దరూ లెక్కలు వేసుకున్నారు. అవునో కాదో తేలలేదు. కొడుకును మాత్రం వచ్చే వారం కూడా పంపిస్తానన్నాడు.

తమ్ముడు గది బయట నిలబడి అంతా చూశాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

ఇప్పుడు ఒక సమస్య. క్లారినెట్‌తో "స" వాయిస్తే మా పిల్లలు పాడే రెండు శ్రుతికి కలవడం లేదు. హార్మోనియం మీద ఇంకెక్కడో ఉంది. ఎలా?

ఆదోని_రీడు | జులై 6, సాయంత్రం 6:00

అక్కా, మామూలు క్లారినెట్, ట్రంపెట్ రెండూ ఇంగ్లీషు స్వరాల లెక్కలో బీ ఫ్లాట్ వాద్యాలు. వాటి మీద సి అని వాయిస్తే పలికేది బీ ఫ్లాట్. మన లెక్కలో ఆరున్నర శ్రుతి. నాన్న వాళ్ళు ఎప్పుడూ ఆరున్నర అనే అంటారు. కాబట్టి పాటను ఆరున్నరకు మార్చండి, హార్మోనియం మీద "ఎ" (A) అనే మెట్టుకు కుడివైపు ఉన్న నల్లమెట్టు షడ్జం చేసుకోండి. అప్పుడు కొత్తవాళ్ళకు క్లారినెట్ మీద సులువైన వేళ్ళు వస్తాయి.

రేపు ఎవరైనా ఆల్టో సాక్సోఫోన్ తెస్తే అది ఈ ఫ్లాట్ వాద్యం. దాని మీద జి వాయిస్తేనే మీ షడ్జం అవుతుంది. ఒక అట్ట మీద ఏ వాద్యానికి ఏ మెట్టో రాసి గోడకు తగిలించండి.

కొత్తది కొనాల్సి వస్తే చెక్క క్లారినెట్ వద్దు. మన కర్నూలు ఎండకు పగులుతుంది. ప్లాస్టిక్‌ది చాలు. ఇత్తడి వాద్యాలైతే మా వాళ్ళు మీరట్‌లో తయారైనవే ఎక్కువగా వాడతారు.

అనంత_ఆల్టో | జులై 6, రాత్రి 8:15

ఆరున్నర అంటే ఆడపిల్లలకు హాయిగా ఉంటుంది మేడమ్. గొంతు మారుతున్న పిల్లలకు షడ్జం బదులు దాని కింది పంచమం ఇవ్వండి. ఆ వయసుకు అది చక్కగా కూర్చుంటుంది. మా చర్చిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల మీద రాగం, తాళం రాసి ఉంటాయి, శ్రుతి మాత్రం పాడేవాళ్ళను బట్టి మేమే వెతుక్కుంటాం. పాట మారొద్దు, మెట్టు మారొచ్చు.

ఇంకో సంగతి. ఆరుబయట ఎండలో కచేరీ అయితే ఊదే వాద్యాల శ్రుతి పైకి పోతుంది, తీగ వాద్యాలది కిందికి దిగుతుంది. జెండా దగ్గర కాసేపు నిలబెట్టాక మళ్ళీ శ్రుతి చూసుకోండి. గదిలో చూసింది చెల్లదు.

దేవుని_కడప | జులై 7, ఉదయం 10:00

ఈ చర్చ మొత్తం మా వాడి చేత చదివించాను. వాడే అడిగాడు, "అమ్మా, నన్ను ఎవరితోనైనా కలిసి వాయించనిస్తావా?" అని. మా వీధిలో ఒక తబలా అబ్బాయి, దర్గా దగ్గర ఖవాలీలో కూర్చునే ఇంకో అబ్బాయి ఉన్నారు. ఆదివారం ముగ్గురూ మా మేడ మీద కూర్చున్నారు. మా వాడి వేళ్ళు పరిగెత్తుతాయి, తాళం వాడికోసం ఆగదు కదా. మూడుసార్లు తప్పిపోయాడు. మూడుసార్లూ తబలా అబ్బాయి నవ్వకుండా మొదటి దెబ్బ మళ్ళీ చూపించాడు. కిందికి వచ్చాక వాడి ముఖంలో ఉన్న వెలుగు గ్రేడ్ 3 సర్టిఫికెట్ వచ్చిన రోజు కూడా చూడలేదు.

హంద్రీ_ఒడ్డు | ఆగస్టు 16, రాత్రి 9:20

నిన్న అయిపోయింది. అడిగినవాళ్ళందరికీ ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి.

పెద్దాయన రాలేకపోయారు. శ్రావణం వచ్చింది, నిన్న ఆయనకు పత్తికొండలో పెళ్ళి. ఆషాఢంలో మూడు శనివారాలు వచ్చారు, ఒక క్లారినెట్ మా దగ్గరే వదిలి వెళ్ళారు. ఆ పాప వాయించింది. "శక్తి సహిత గణపతిం" రెండుసార్లు, మొదట క్లారినెట్ ఒక్కటే, తర్వాత అందరూ. డ్రమ్ముల మీద ఆ ముగ్గురూ తిశ్రంలో (మూడు దెబ్బల లెక్కలో). ధర్మవరం తమ్ముడు చెప్పినట్టు కనుక్కున్నాను, అందులో ఇద్దరి ఇళ్ళల్లో తప్పెటలు ఉన్నాయి. వచ్చే నెల బడికి తెస్తామన్నారు.

తప్పులు జరిగాయి. రెండోసారి వాయిస్తున్నప్పుడు పాప ఒకచోట రిజిస్టర్ మీట (పై స్వరాలకు మార్చేది) ముందే నొక్కింది, కీచుమంది. ఎవరూ ఆగలేదు. ఎండకు క్లారినెట్ శ్రుతి కొంచెం పైకి పోయింది, పిల్లలూ తెలియకుండానే దానితో పాటు పైకి పోయారు. నాకు వినిపించింది, సర్పంచ్ గారికి వినిపించలేదు.

మొదటి రోజు గొంతు చీలిన పిల్లవాడు ఐదుగురితో కలిసి కింది పంచమం పట్టుకున్నాడు. పాట మొత్తం అదే ఒక్క స్వరం. అయిపోయాక వాళ్ళమ్మ వచ్చి "మా వాడు ఏం పాడినాడు మేడమ్, నాకు విడిగా తెలియలేదు" అంది. వాడిని పిలిచి పాట లేకుండా ఆ ఒక్క స్వరం పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని విన్నది.

ఇక మిగిలిన పని. క్లారినెట్ నేర్చుకుంటామని ఇంకో నలుగురు పేరిచ్చారు, అందులో ఆ రోజు రాని తండ్రి కొడుకు కూడా ఉన్నాడు. ఉన్నది ఒకటే వాద్యం, అందుకే మౌత్‌పీస్‌లు ఎవరివి వాళ్ళకు విడిగా ఉండాలి. రీడ్లు కూడా అయిపోయాయి. కొత్తవాళ్ళకు ఏ నంబరు తీసుకోవాలి?

ఆదోని_రీడు | ఆగస్టు 16, రాత్రి 10:35

రెండో నంబరు తీసుకో అక్కా, పెదవి గట్టిపడ్డాక రెండున్నర. కొనొద్దు, నాన్న దగ్గర ఒక డబ్బా ఉంది. నాలుగు పాత మౌత్‌పీస్‌లు కూడా వెతికి శుభ్రం చేసి పెట్టాడు. శనివారం నేనే తెస్తున్నాను. ఈసారి లోపలికి వస్తాను.